నూకుడు బండి

ఉరవకొండలో బళ్లారి రోడ్డు పక్కన మా షెడ్డు.
కానుగ చెట్టు కింద పదకొండేండ్లుగా
టైర్లు లేక మోకాళ్ల మీదున్న జీపుకు
మెడలో ట్యాగులేసుకున్న పిల్లలొచ్చి కొలతలు తీసినారు.
ఎర్ర వెలుతురు గీత ఒకటి
బానెట్టు మీద చీమలాగ పాకింది.
నా సుత్తికి నలభై ఏండ్లు పట్టిన వంకరలన్నీ
నలభై నిమిషాల్లో వాళ్ల కంప్యూటర్లోకెక్కినాయి.

"ముఖం పాతదే తాతా, ఒళ్లంతా కొత్తది"
అనింది రుమానా.
డీజిల్ వద్దంట, గేరు రాడ్డు లేదంట,
తాళంచెవి కూడా లేదంట, వేలు ఆనిస్తే చాలంట.
ఎడమ మడ్‌గార్డు మీది సొట్టను మాత్రం
తడిమి తడిమి అడిగింది: ఇదేంది?

వన్నూరుసాబు దీనికి డ్రైవరు.
కణేకల్లు ట్రిప్పంటే లోపల పద్దెనిమిది, టాపు మీద ఆరు,
వెనక కమ్మి పట్టుకుని ఎందరో అల్లాకెరుక,
రెండు గొర్రెపిల్లలు, మూటెడు బుడ్డలు,
సాబు ఒళ్లో ఎవరిదో మోకాలు.
నెలలు నిండిన హంపక్కతో
హగరి ఇసకలో కూరుకుపోయిన రాత్రి
దిగినోళ్లంతా భుజాలిచ్చి నూకితే
బండి ఎగిరి తుమ్మ మొద్దుకు గుద్దుకునింది.
పుట్టినోడు ఇప్పుడు గుంతకల్లులో టీసీ.
సాపు చేస్తానంటే సాబు ఒప్పుకోలేదు,
"ఉండనీప్పా, దిష్టిచుక్క."

రుమానా రాసుకునింది.

మొన్న అనంతపురం కాలేజీలో
నీలం లైట్లు, పొగ, పైన గుడ్డ.
గుడ్డ లాగితే అవే గుండ్రటి కండ్లు,
అవే నిలువు పండ్లు.
ఒళ్లు మాత్రం కోడిగుడ్డు నునుపు.
సొట్టను వేలితో వెతికినా. లేదు.
సీట్లు రెండు.
"హంపక్క యాడ కూర్చోవాల?" అన్నా,
చప్పట్లలో ఎవరికినపడుతుంది.

బానెట్టు ఎత్తమన్నా.
లోపల చెక్క, థర్మకోలు, లైట్ల వైర్లు.
ఇంజను ఇంకా ఆలోచనలోనే ఉందంట,
కాన్సెప్టంటే అంతేనంట.

రాత్రి హాలు ఖాళీ చేయాల.
నలుగురు పిల్లలు, వాచ్‌మన్ నారప్ప వెనక చేరినారు.
గడప దగ్గర చక్రం తట్టుకునింది.
నా చేతులు నన్నడగలేదు.
చొక్కా మడిచి, భుజం ఆనించి
"నూకండ్రప్పా నూకండి!" అని
పాత కూతే కూసినా.

బండి చటుక్కున పోయింది.
ఇరవై నాలుగు మంది బరువుకని బిగించిన భుజం
ఖాళీలోకి తూలింది.
రుమానా రెక్క పట్టుకునింది,
"నిదానం తాతా, దీంట్లో ఇంకా ఏమీ లేదు."