ఇరవై ఆరు కిలోలు

మా పనిలో టెన్షన్‌ని కిలోల్లో తూస్తాం.
నవ్వకండి, నిజంగానే.
బెండిగో టెన్నిస్ క్లబ్బు వెనకాల
క్యాంటీన్‌కీ మరుగుదొడ్లకీ మధ్య ఓ రేకుల గది,
అందులో రాకెట్లకి తీగలు బిగించే యంత్రం, ఒక ఫ్యాను, నేను.
నిలువు తీగలు పదహారు, అడ్డం పంతొమ్మిది.
పడుగు, పేక అంటాను వాటిని నాలో నేను.
ఇక్కడ ఎవరూ అదేమిటని అడగరు.

ఇమ్కె హార్మ్స్ మొదటిసారి వచ్చినప్పుడు
పంతొమ్మిదేళ్లు, నాలుగు వందల పన్నెండో ర్యాంకు,
ముక్కు మీద ఎండకి లేచిన తోలు.
జర్మనీ ఉత్తరపు కొసన ఊరట,
గాలికి అక్కడి చెట్లన్నీ ఒకవైపే వంగి ఉంటాయట.
"నా సర్వీసూ అంతే, ఎడమకే పోతుంది" అంది,
నవ్వకుండా.
సంచిలో రాకెట్లు మూడు. అల్లించింది ఒకటే.
పద్దెనిమిది డాలర్లు, చిల్లరతో సహా,
బల్ల మీద దొంతిగా పేర్చి
"ఇరవై నాలుగు" అంది.

క్వాలిఫయింగ్‌లో రెండు ఆటలు గెలిచింది.
మూడోనాడు నలభై ఒక్క డిగ్రీలు.
బంతులందించే పిల్లలు ఐసు ముక్కలు చప్పరిస్తున్నారు.
మాగ్‌పై పిట్ట ఒకటి బేస్‌లైన్ మీద తీరిగ్గా నడిచి
గట్టు దిగేదాకా ఆట ఆగింది.
ఆఖరి సెట్టు, టై బ్రేకు, ఆరు ఐదు, ఆమెదే పైచేయి.
ఫోర్‌హ్యాండ్. కళ్లు మూసుకుని కొట్టగల ఫోర్‌హ్యాండ్.
గీత దాటి జానెడు అవతల పడింది.
ఆమె అంపైర్‌ని చూడలేదు, గీతనీ చూడలేదు.
తీగల్ని చూసింది. అరచేత్తో తట్టింది.
తర్వాతి రెండు పాయింట్లూ పోయాయి.

సాయంత్రం రాకెట్ నా ముందు పెట్టి
"వదులైపోయింది. తప్పు నాదే, తక్కువ అడిగాను.
ఇకమీదట ఇరవై ఆరు."
ఆమె నీళ్లకి వెళ్లాక తిప్పి చూశాను.
కింది మూలలో నేను వేసిన చివరి ముడి
రంధ్రంలోకి జారి ఉంది,
గోరంత.
చెప్పొచ్చు. నాలుక నోట్లోనే ఉంది.
"సరే, ఇరవై ఆరు" అన్నాను.

ఆ ఏడంతా ఫోనులో ఆమె స్కోర్లు చూసేవాణ్ణి,
ట్రామ్‌లో, పళ్ల డాక్టరు వరండాలో.
గెలుపు. ఓటమి. ఓటమి. గాయంతో విరమణ.
ఎవరికి అక్కడ వట్టి అంకెలు కనపడ్డాయో గానీ
నాకు ఒక మణికట్టు కనపడేది.

మళ్లీ జనవరిలో వచ్చింది, చేతికి నీలం పట్టీతో.
కోచ్ లేడు. జీతం ఇవ్వలేక తనే మాన్పించిందట.
"ఇరవై ఆరు" అంది.
మీటని ఇరవై నాలుగు దగ్గర ఆపాను.
చీటీ మీద ఇరవై ఆరు అని రాశాను, అందంగా.
ముడిని రెండుసార్లు లాగాను,
మూడోసారి పళ్లు బిగించి.

సెమీస్ దాకా వెళ్లింది.
వెళ్లే రోజు వచ్చి అడిగింది:
"నీ ఇరవై ఆరు మెత్తగా ఉంటుంది, ఎందుకని?"
"మా దగ్గర ఎండ ఎక్కువ కదా" అన్నాను.
చూడండి నా తెలివి.

జూన్‌లో కార్డిఫ్ నుంచి మెసేజ్.
ఇక్కడి ఇరవై ఆరు చెక్కలా ఉంది, చెయ్యి లేవడం లేదు,
నీ యంత్రం ఏ కంపెనీది?
కంపెనీ పేరు కొట్టాను. చెరిపేశాను.
అర్ధరాత్రి దాటింది. రేకుల మీద పోసమ్‌లు పరిగెత్తుతున్నాయి.
చలికి వేళ్లు తిరగని చేత్తో రాశాను:
నీ చేతికి సరిపోయింది ఇరవై నాలుగు.
మొన్న నేను బిగించిందీ అంతే.
ఆ మొదటి ఏడు జారింది నా ముడి. నువ్వు కాదు.

నాలుగు రోజులు ఏమీ లేదు.
ఆ నాలుగు రోజుల్లో రెండు గెలిచింది, ఒకటి ఓడింది.
ఎన్ని కిలోలతో ఆడిందో స్కోరు చెప్పదు.

ఐదో రోజు వచ్చింది జవాబు:
జనవరిలో వస్తాను.
ఈసారి నువ్వు బిగిస్తుంటే పక్కనే నిలబడి చూస్తాను.

గదిలో రెండో మనిషికి చోటు లేదు.
ఫ్యాను తీసి గోడకి బిగిస్తున్నాను.