ఏటి సేతు నావ

షిప్‌యార్డులో ముప్పై రెండేళ్ళు
తుప్పు రాల్చిన సుత్తి
ఇనుము మీదే పడిందనుకున్నాను.
చెవుల మీద కూడా పడిందని
రిటైరయ్యాక తెలిసింది.
ముందు కాకి వెళ్ళిపోయింది.
తర్వాత కుక్కరు.
చివరికి మా సన్యాసమ్మ గొంతు.
చెవిమిషను పెట్టుకుంటే
రేకుల షెడ్డు మీద వాన, అంతే.
డబ్బాలో పడేశాను.

గాజువాకలో ఫోన్ల కొట్టు.
కుర్రాడు పెదాలు కదుపుతున్నాడు,
వేళ్ళు చూపిస్తున్నాడు: నాలుగు కెమెరాలు.
ఎగిరి దూకే ఆటొకటి తెరిచి చూపించాడు.
నవ్వి తలూపాను.
వినపడనివాడికి తలూపడం
రిటైర్మెంటు లేని ఉద్యోగం.
తర్వాత గ్యాసు బిల్లు వెనక రాసిచ్చాను:
"బాబూ, ఫొటోలొద్దు.
దీని చెవులు బాగుండాలి.
అక్షరాలు పెద్దగా పడాలి.
చార్జింగు రాత్రిదాకా నిలవాలి.
పదమూడు వేలు దాటకూడదు."

చదివి వాడు కాసేపు ఊరుకున్నాడు.
నాలుగు కళ్ళదాన్ని లోపల పెట్టేశాడు.
నల్లది, బరువుది, ఒకటి తీసి
ఏదో నొక్కి నోటి దగ్గర పెట్టుకున్నాడు.
తెల్లటి తెర మీద నల్లటి తెలుగు,
పుట్టలోంచి చీమలు వచ్చినట్టు:
"తాత ఇప్పుడు వినిపిస్తున్నానా"

కనిపిస్తున్నావురా, అన్నాను.
నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో
కొట్టుకొట్టంతా వెనక్కి తిరిగింది.

బస్సు ఎక్కడుందో చెప్పేది పెట్టాడు.
సింధియా దాకా చుక్క కదులుతుంటే
ఆ చుక్కలో నేనే ఉన్నానని నమ్మడానికి
కిటికీలోంచి రెండుసార్లు చూశాను.
కరెంటు బిల్లు కట్టేదొకటి.
తుపాను కబురు చెప్పేది ఉండనీ అన్నాను,
హుద్‌హుద్‌కి మా కప్పు ఎగిరినప్పుడు
ఆ చప్పుడు నాకింకా వినపడేది.
అడుగులు లెక్కపెట్టేది తీయించేశాను,
మల్కాపురం మెట్లెక్కేవాడికి
ఒకరు లెక్క చెప్పాలా?
ఇంకొకటి, కుక్కరు కూస్తే జేబులో వణుకుతుంది.
మొదటిసారి తేలనుకుని చొక్కా విప్పబోయాను.

ఇంటికొచ్చి ఆమె ముందు పెట్టాను.
మాట్లాడు, అన్నాను.
ముక్కుపుడక సర్దుకుంది. కొంగు సర్దుకుంది.
పెళ్ళిచూపుల్లో కూడా అంత సిగ్గు లేదు.
చివరికేదో అంది. తెర మీద పడింది:
"ఏటి సేతు నావ"

ఏరు. సేతువు. నావ.
నలభై ఏళ్ళ కాపురంలో
మా ఇంటిది కవిత్వం చెప్పడం అదే మొదలు.
మూడోసారి చదువుతూ కళ్ళు తుడుచుకుంటుంటే
చెయ్యి తిప్పి మళ్ళీ అంది.
ఈసారి పెదాలు చదివాను:
ఏటి సేత్తన్నావు?

మన యాస దానికి రాదు.
గుంటణ్ణి గుండంటుంది.
చారు పొయ్యనా అంటే
"చావు పొయ్యనా" అని రాస్తుంది.
ఒకటి రెండుసార్లు మాత్రం
ఆమె అదే అందేమోనని నా అనుమానం.

ఒక రాత్రి దాన్ని ఆపడం మరిచాను.
పొద్దున తెర నిండా అక్షరాలు.
కళ్ళజోడు పెట్టుకుని
బియ్యంలో రాళ్ళేరినట్టు తప్పులేరి చదివాను:

"మోకాలు లాగేత్తంది. ఎడంది.
సిన్నదానికి నువ్వెట్టిన పేరు
నాకు నచ్చనేదు. అప్పుడు సెప్పనేదు.
నీకినపడదు గదా,
అందుకే సెప్తన్నాను."

ఎన్నాళ్ళుగా చెబుతోందో.

ఆ సాయంత్రం ఆవనూనె వేడిచేసి
ఎడం మోకాలు దగ్గర కూర్చున్నాను.
కుంటుతుంటే చూశాననుకుంది.
అనుకోనిచ్చాను.
పేరు సంగతి ఎత్తలేదు.
చిన్నదానికిప్పుడు ముప్పై నాలుగు.

ఇప్పుడు రోజూ తొమ్మిదింటికి
ఫోను ఆపేసి
బియ్యం డబ్బా మీద బోర్లా పెడతాను.
యారాడ కొండమీది దీపం
కిటికీని తాకి పోయినప్పుడల్లా
ఆమె పెదాలు కదులుతూ కనిపిస్తాయి.
పెదాలు చదవడం నాకు వచ్చు.
అందుకని
గోడవైపు తిరిగి పడుకుంటాను.