మేడ మీద, గురువారం

చిరునామా చెప్పింది డాక్టరు కాదు.
వైన్‌షాపు పక్కన బండి పెట్టుకుని
ఉడికించిన శనగలూ ప్లాస్టిక్ గ్లాసులూ అమ్మే కుర్రాడు, యోహాను.
చిల్లర నా వేళ్ల సందుల్లోంచి రాలిపోతుంటే
వంగి ఏరి చేతిలో పెట్టి,
"కొరియర్ ఆఫీసు సందులో, ట్యూషన్ సెంటర్ మేడ మీద
గురువారం ఏడింటికి కూర్చుంటారన్నా,
మా నాన్న పోతాడు" అన్నాడు.
ఆ పూట కూడా
వాడి గ్లాసులోనే తాగాను.

ఆటోనగర్లో ఇరవై రెండేళ్లు లేత్ మీద నిలబడ్డవాణ్ణి.
వెంట్రుకలో పదో వంతు తేడా
వేలికొనతో తడిమి చెప్పేవాణ్ణి.
ఇప్పుడు పొద్దున్నే క్వార్టర్ పడితేగాని
చెయ్యి చెయ్యిలా ఉండదు.
మొన్న ఒక షాఫ్టు చెడగొట్టాను.
ఓనరు ఏమీ అనలేదు. నా చేతిలోని వెర్నియర్ తీసుకుని
సొరుగులో పెట్టి తాళం వేశాడు.
తిట్టినా బావుండేది.

మొదటి గురువారం సందు దొరకలేదు.
దొరకలేదంటే, వెతకలేదు.
బందరు కాలువ వంతెన మీద నిలబడి
గుర్రపుడెక్క కొట్టుకుపోవడం చూశాను, ఎనిమిదయ్యేదాకా.

రెండో గురువారం మెట్లు దొరికాయి.
మెట్ల కింద చెప్పులు లెక్కపెట్టాను, పద్నాలుగు జతలు.
పాలిష్ చేసిన బూట్లు. పిన్నీసుతో కుట్టుకున్న హవాయి.
ఆడవాళ్ల చెప్పులు ఒక జత.
అవి చూడగానే ఎందుకో భయమేసింది.
వెనక్కొచ్చేశాను.

మూడోసారి వాన.
తలదాచుకోడానికి చూరు అక్కడే ఉంది.
అంతే. ధైర్యం కాదు.

పైన ఆరో తరగతి బెంచీలు, మోకాళ్లు పట్టవు.
నల్లబల్ల మీద చెరపడం మరిచిన లెక్క:
ఒక కుళాయి తొట్టిని మూడు గంటల్లో నింపును,
మరొకటి నాలుగు గంటల్లో ఖాళీ చేయును.

ఈ ఊళ్లో పేరు చెబితే సరిపోదు.
ఇంటిపేరేంటి, మీదే ఊరు, ఎవరి తాలూకు?
మూడు ప్రశ్నల్లో మనిషిని కొలిచి గాడిలో పెట్టేస్తారు.
ఇక్కడ తెల్లచొక్కా పెద్దాయన "పేరు చాలండీ" అన్నాడు.
"పున్నారావు."
"రండి పున్నారావు గారూ."
నన్ను 'గారూ' అని ఎవరైనా పిలిచి
ఎన్నాళ్లయిందో లెక్క తెలియలేదు.

కస్తూరి గారు మాట్లాడారు.
"బియ్యం డబ్బాలో దాచేదాన్ని.
నెలాఖరుకి బియ్యం తగ్గేకొద్దీ
సీసా మూత పైకి తేలేది."
ఎవరూ అయ్యో అనలేదు. నాలుక చప్పరించలేదు.
ఎవరో తల ఊపారు,
ఆ డబ్బా తామూ తెరిచినట్టు.

నా వంతు వచ్చింది.
చెప్పాల్సింది చాలా ఉంది. షాఫ్టు, వెర్నియర్,
మా ఆవిడ పుస్తెలు, అన్నీ గొంతు దాకా వచ్చి
"నాకు చెయ్యి వణుకుతోందండీ" దగ్గర
ఆగిపోయాయి.
"సరే" అన్నారు. సరే అంటే సరే. ఇంకేమీ అడగలేదు.

టీ పోసినాయనకి యోహాను ముక్కే.
అందరికీ నిండుగా పోసి
నాకు సగమే పోశాడు.
ఒక్క క్షణం ఒళ్లు మండింది.
గ్లాసు అందుకున్నాక అర్థమైంది.
నిండు గ్లాసైతే చొక్కా మీద ఒలికేది.
ఈయన చొక్కా మీద ఎన్నిసార్లు ఒలికిందో.

టీ తాగుతూ లెక్క చేశాను, నోటితోనే.
పన్నెండు గంటలు.
నెమ్మదిగానే, కానీ నిండుతుంది.
నాకే నవ్వొచ్చింది, ఇంకా లెక్కలొస్తున్నందుకు.

కిందికొస్తే వాన వెలిసింది.
సందు చివర షాపు దీపాలు నీళ్లగుంటలో ఎర్రగా.
యోహాను పది రూపాయల శనగలు పొట్లం కట్టాడు.
గ్లాసు తియ్యలేదు.
తీస్తాడేమోనని వాడి చేతినే చూశాను.

ఇంటికి నడిచాను.
తిన్నగా అని చెప్పను.
రెండుచోట్ల ఆగాను.