త్రాసుల

మా ఇంటిపేరు త్రాసుల.
బడిల చేరిన దినం
సారు పెన్ను ఆపి "ఎవలు మీరు?" అన్నడు.
పేరు కొస పట్టుకొని కులం దాకా గుంజుడు
ఈ దిక్కు అందరికీ వచ్చిన విద్యే.
మా కాడ మాత్రం తాడు ఊకెనే ఊడి చేతికొచ్చేది.

బాపు ఎనుమాముల మార్కెట్ల దడువాయి.
మిర్చి బస్తా కాంటా మీద పడంగనే
తుమ్ము ఆపుకుంట లెక్క పలికేటోడు:
లాభం లాభం, రెండు రెండు, మూడు మూడు.
త్రాసులోళ్లు త్రాసు పట్టక ఏం పడుతరని
హమాలీలు నవ్వేటోళ్లు.
మేమూ అట్లనే అనుకున్నం,
పని నుంచే పేరొచ్చిందని.
గంత కంటె ఎన్కకు ఎవ్వలం పోలే.

పోయిన వానకాలం
ఫాదర్ ఇన్నయ్య చేతికి ఒక ఉత్తరం వచ్చింది.
ఇంగ్లండుల ఏదో చిన్న ఊరు,
ఎనభై దాటిన ముసలాయన,
భార్య లేదు, మోకాళ్లు లేవు, పని లేదు.
తన ఇంటిపేరోళ్లు భూమి మీద ఎందరున్నరో
గోడకు పటం కొట్టి గుండుసూదులు గుచ్చుతున్నడట.
రెండు జిల్లాల్ల గుత్తులు గుత్తులు,
కడమ దేశమంత ఖాళీ,
సముద్రం అవుతల ఒక పది.
ఒక్క సూది మాత్రం చేతిల పట్టుకొని కూసున్నడు:
ఆంబ్రోజ్ థ్రాసెల్, బాయిలర్ మేస్త్రీ,
నైజాం రైల్వే, కాజీపేట.
ఆ తర్వాత ఏమైండో ఎరుక లేదు.

ఏమైతడు?
షెడ్డు ఎనుక బొగ్గుచూర ఏరుకునే
కొంరమ్మను చేసుకున్నడు.
ఆమె మా ముత్తవ్వ.
జీతం రిజిస్టర్ల ఉర్దూ మున్షీ పేరు రాస్తే
అచ్చులు జారి పట్టాల సందుల పడ్డయి.
మిగిలిన హల్లులను సోమిడి రేషన్ డీలర్
తనకు తెలిసిన మాటకు అతికించిండు.
థ్రాసెల్, త్రాసల్, త్రాసుల.
ఎవ్వడూ తప్పు రాయలే.
ఎవ్వనికి వినపడ్డది వాడు రాసిండు.

ముసలాయన లెక్క అడిగిండు గనక చెప్పాలె.
పేరు రైలు ఎంబడే పోయింది.
డోర్నకల్ల ఒక సమాధి,
మీద అక్షరం ఒకటి రాలిపోయింది.
బెల్లంపల్లిల పెద్దమేనత్త,
బాయిపని చేసేటోన్ని చేసుకొని రామటెంకి అయింది.
పెద్దపల్లిల చిన్నాయన, ముగ్గురూ ఆడపిల్లలే,
ముగ్గురికీ మూడు వేరే పేర్లు.
జమ్మికుంటల ఒకడున్నడని విన్నం,
మా దగ్గర అప్పు తీసుకొని పోయినోడు.
కాజీపేటల నేను,
పెండ్లయినంక పేరు మార్చుకోనిదాన్ని.
తమ్ముడు రూబేను.
వాడు పెండ్లే వద్దంటడు.

ఉత్తరం అడుగున ఇంకో ముచ్చట.
ఆ పేరు పాతకాలపు మాటట, ఒక పిట్ట.
మట్టిరంగు, రొమ్ము మీద మచ్చలు,
నత్తను రాయికేసి కొట్టి తింటదట,
పాడేటప్పుడు
ఒక్కో పలుకును రెండేసి సార్లు పాడుతదట.

ఫాదర్ తెలుగు చేసి చదువుతున్నడు,
నేను ఆడికే ఆగిపోయిన.
రెండు రెండు. మూడు మూడు.
బాపు పోయి ఆరేండ్లు.
ఆఖరుకు మిర్చి ఘాటుకు గొంతు పోతే
వేళ్లతోని చూపెట్టేటోడు,
అది కూడా రెండుసార్లు.

కాంటా పట్టినోళ్లందరూ అట్లనే పలుకుతరు,
నాకు తెల్వదా?
అయినా ఆ రాత్రి
పిట్ట ఎట్లుంటదో గోడ మీద వెతికిన.

జవాబు రాసిన.
"అయ్యా, మీ పిట్ట ఈడ మిర్చి జోకింది" అని రాసి
కొట్టేసిన.
పేర్లు, ఊర్లు, సమాధి మీది తేదీ, అంతే.

పోస్టాఫీసుల పిల్లగాడు
కవరు తీసి అంకెల మిషన్ మీద పెట్టిండు.
పళ్లెం లేదు, ముల్లు లేదు, ఎర్రగ మెరిసే అంకెలు.
ఇరవై రెండు గ్రాములు అన్నడు, ఒక్కసారే.
పంపేటోళ్ల పేరు?
త్రాసుల, అన్న.
వాడు తల ఎత్తలే.
మళ్ల అన్న,
త్రాసుల.