అరువు కోటు

మా ఆఫీసులో జిరాక్స్ మెషీను వెనక
ఒక ఇనప బీరువా. తలుపు సరిగా పడదు.
అందులో పదకొండు కోట్లున్నాయి.
డబ్బు కాదు, తొడుక్కునేవి.
జైలు బట్టల్లో జ్యూరీ ముందు నిలబడితే
విచారణ అక్కడితోనే ముగుస్తుందని
ఎవరెవరో ఇచ్చిపోయినవి.

నీలం గీతల కోటు ఒక ప్రాసిక్యూటరుది.
ఆయన పోయాక భార్య తెచ్చి నా బల్లమీద పెట్టింది.
ముప్పై ఏళ్లు మావాళ్లను లోపలికి పంపిన భుజాలు
ఆ గుడ్డలో ఇంకా కాస్త మిగిలే ఉన్నాయి.

మార్చిలో దాన్ని టవారిస్ ఎల్డ్రిడ్జ్‌కి తొడిగాను.
పందొమ్మిదేళ్లు. చేతులు పొడుగు.
మణికట్లు బయటే ఉండిపోయాయి,
వాటి మీద బేడీల ఒరుపులు.
"కిందకి లాగి పట్టుకో" అన్నాను,
బడికి పంపే పిల్లాడికి చెప్పినట్టు.
జేబులోంచి పిప్పరమెంటు బిళ్ల తీశాడు.
"ఇదీ నాదేనా మేడమ్?"

మొదటిరోజు అడిగింది వేరే ప్రశ్న:
"నువ్వు అసలు లాయరువా, కౌంటీ ఇచ్చినదానివా?"
కోపం రాలేదు. మా అమ్మమ్మా అదే అడిగింది,
నా పట్టా ఫ్రేము మీద దుమ్ము తుడుస్తూ.
నా ఒంటి రంగూ వాడి రంగూ ఒకటే.
నా కోటు మాత్రం నేను కొనుక్కున్నది.

వాడి దగ్గర దొరికినవి తొమ్మిది మాత్రలు.
బడికి వెయ్యి అడుగుల లోపల నిలబడ్డాడట,
అందుకని శిక్ష ఒక మెట్టు పైకి.
టేపు పట్టి కొలిచారు. తప్పు కొలవలేదు.
టొలీడోలో మా పేటలో ఏ గుమ్మంలో నిలబడ్డా
వెయ్యి అడుగుల్లో ఏదో ఒక బడి ఉంటుంది.
మామీ నది అవతల, ఇంటికో ఎకరం పచ్చిక ఉన్నచోట
బడి చాలా దూరం. పిల్లలు కార్లలో వెళ్తారు.
టేపుకి రంగు తెలియదు, నిజమే.
దాన్ని పట్టుకున్న చేతికి ఏ వీధికి రావాలో తెలుసు.

అదే పొద్దున, అదే హాల్లో, కోల్బీ హావర్‌స్ట్రా.
వాడివీ మాత్రలే, ఇంకో నాలుగు ఎక్కువ.
కొలత తీసి కుట్టించిన కోటు.
వెనక వరసలో తండ్రి, పాస్టరు, ఈత నేర్పే మాస్టరు.
జడ్జి కాలేజీ గురించి అడిగాడు.
చికిత్సకు పంపాడు.
ఈ జడ్జి చెడ్డవాడైతే నాకు పని తేలికయ్యేది.
నా పుట్టినరోజున కేకు ముక్క పంపిస్తాడు.

అంతా రంగే అని చెప్పి ఇంటికెళ్లి నిద్రపోవచ్చు.
కానీ డార్లీన్ స్కాగ్స్ ఉంది.
తెల్లావిడ, ట్రైలరు ఇల్లు, పాలపొడి డబ్బాలు రెండు.
నన్ను చూడగానే కుర్చీ వెనక్కి జరిపింది.
ఐదువందల డాలర్ల బెయిలు లేక ఇరవై మూడు రోజులుంది,
లాండ్రీలో ఉద్యోగం పోయింది,
చివరిరోజు నా చొక్కా పట్టుకుని ఏడ్చింది.
ఆ కుర్చీ చప్పుడూ మరిచిపోలేదు, ఆ తడీ మరిచిపోలేదు.

జ్యూరీ నలభై నిమిషాల్లో తిరిగొచ్చింది.
శిక్ష చదువుతుంటే టవారిస్ పళ్ల మధ్య ఏదో అన్నాడు.
పేదవాడి కోపం పెదవికి చేటంటారు.
ఇక్కడ దాని ఖరీదు ఇంకో రెండు నెలలు.
పక్కన నేను నిలబడే ఉన్నాను,
మూడు నిమిషాల్లో మొదలయ్యే తర్వాతి ఫైలు చేత్తో పట్టుకుని.

కోటుతోనే తీసుకుపోయారు.

మే నెలలో అది గోధుమరంగు కాగితం సంచిలో తిరిగొచ్చింది,
సంచి మీద పేరు లేదు, నంబరుంది.
జేబులో బిళ్ల లేదు. దాని కాగితం
నాలుగు మడతలు పెట్టి ఉంది.

సోమవారం ఇంకొకడికి కావాలి, వాడూ పొడుగే.
రాత్రి వంటింటి దీపం కింద కూర్చుని
చేతి అంచు కుట్లు విప్పాను.
లోపల అంగుళమున్నర గుడ్డ, కొత్తది కొత్తగానే,
మడిచిపెట్టి ఉంది.