గడ్డ మీద కుర్చీ

ఫోన్ల ఒక వీడియో జూసిన.
కాశ్మీరో ఇంకెక్కడో, మంచు కొండల మీద
నా అసొంటి ఆమెనే ఒకామె
చక్రాల కుర్చీల నుంచి మంచుబండి మీదికి
చేతుల మీదనే జరిగి,
హ్యాండిల్ తిప్పి మాయమైంది.
అందరు బండిని జూస్తరు.
నేను కుర్చీని జూసిన.
మంచుల అదొక్కటే ఆగి ఉన్నది,
ఒడి మెల్లమెల్లగ తెల్లబడుకుంట.
పదకొండు సార్లు జూసిన.
పదకొండు సార్లు
అది ఎవరి కోసం ఎదురుచూడలే.

మంథనిల మంచు యాడిది?
మాకున్నది ఉసికె.
బ్యారేజీ గేట్లు ఎత్తిపెట్టిన ఏడు
గోదారి అవుతలి దిక్కుకు ఒత్తిగిలి పండుకున్నది,
రేవు మెట్ల కాడికెళ్లి నీళ్ల దాక అర కిలోమీటరు ఉసికె.
కుర్చీ ముందటి చిన్న చక్రాలు
రెండు గజాలకే ముక్కు పొడుచుకుంటయి.
ఇరవై రెండేండ్లు గోదారిని మెట్ల మీదికెళ్లే జూసిన,
ఎవరిదో పెండ్లి ఫొటో జూసినట్టు.

నీళ్ల దాక ఎన్నడు పోలేదా అంటే, పోయిన.
ఎత్తుకపోయిన్రు.
ఒకలు చంకల కింద, ఒకలు మోకాళ్ల కింద,
పైలం పైలం అనుకుంట.
దించి, "సుగుణక్కా, సంబురమేనా?" అని అడిగిన్రు.
సంబురమే.
ఎత్తుకున్నోళ్ల చెమట వాసన ఇప్పటికి యాదున్నది,
గోదారి వాసన యాదికి లేదు.

కాజీపేట గేటు కాడ యాకూబ్ షెడ్డు.
పాత ఆటో ఇంజను, బుడ్డ ట్రాక్టరు టైర్లు,
బ్రేకు చేతికి, గేరు చేతికి.
"ఏం పని కోసం అక్కా ఈ బండి?"
పని లేదన్న.
పానా కింద పెట్టి నవ్విండు.
"పని లేని బండి ఇంతవరకు చెయ్యలే" అన్నడు,
కూలిల ఐదువందలు తగ్గించిండు.
మిగిలినయి జిరాక్సు షాపు చీటి పైసలు.
పింఛన్ పైసలా అని అడిగినోళ్లకు
అవునన్న, ఊకుంటరని.

ఐతారం పొద్దుగాల
కుర్చీకి బ్రేకులేసిన.
షాపు తాళంచేతుల గుత్తి, టిఫిను సంచి దానికే తగిలించి
బండి మీదికి జరిగిన.

నడుము కింద నాకేం తెల్వదు.
నడుము పైన మాత్రం అంత తెలుస్తది.
పండ్లు టకటక కొట్టుకున్నయి,
ఈపుల ఒక్కొక్క పూస పేరు చెప్పింది.
కర్బూజ పాదుల అంచుకు పోతాంటే
తీతువు తిట్టుకుంట ఎంబడివడ్డది.
నన్ను జూసి అయ్యో అననిది అదొక్కతే.

తడి ఉసికె. ఇంజను బంద్.
వంగి నీళ్లు అందుకున్న.
పాచి, ఇనుము, పచ్చి చాప,
ఇదా నీ వాసన!
ఎంతసేపున్ననో లెక్కలేదు.

రేవు కాడ లొల్లి.
మెట్ల నిండ మంది, ఉరుకుడు,
ఎవలో అంగీ ఇప్పి మడుగులకు దుంకుతాన్రు.
అయ్యో, ఎవల పిల్లలో పాపమని
నేను గూడ బండి మలుపుకొని జూడవోయిన.
"ఎవలు మునిగిన్రు?"

ఎవ్వలు మాట్లాడలే.
మా వదినె ఏడుపు ఆపి తిట్టుడు మొదలువెట్టింది.
వలలోళ్ల రాజలింగు
నడుము దాక నీళ్లల్ల, వణుక్కుంట, నా మొకం జూసిండు.
"కుర్చీ ఖాళీగుంటే
మేమేమనుకోవాలె సుగుణా?"

గడ్డ మీద చెప్పులిడిసి తానానికి పోయినోళ్లను
ఎవలన్న దేవులాడుతరా రాజలింగూ,
అందామనుకున్న.
ఆయన పెదువులు నల్లగున్నయి చలికి.
టిఫిను సంచిల ఉన్న చాయ్ ఫ్లాస్కు ఇయ్యుమన్న వదినెను.

కుర్చీల అప్పటికే ఎవల పిల్లగాడో కూసున్నడు.
బ్రేకులు తీసి గుండ్రంగ తిరుగుతాండు.
అందరు గద్దరిస్తే దిగవోయి
నా దిక్కు జూసిండు,
"ఇంకొక్క చుట్టు?"

తిరుగు బిడ్డా, తిరుగు.
పెట్రోలింక సగమున్నది నాకు.