ఇతరులు: ఒకటి

వ్యాసర్పాడి కార్పొరేషన్ బడి, రెండో తరగతి గది.
గోడ మీద మామిడి, పనస, సీతాఫలాల చార్టు.
దాని కింద నేను, రెండో పోలింగ్ అధికారిని,
పిల్లల బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని
సిరా సీసా ముందు.
పొద్దున ఏడింటి నుంచీ వేళ్లే చూస్తున్నాను:
చేపల వాసన వేళ్లు, సూది గుచ్చుకున్న వేళ్లు,
ఒక తాతకి ఆ వేలే లేదు, పక్క వేలికి పూశాను.

బయట రెండు వరసలు. మగవాళ్లది, ఆడవాళ్లది.
పదకొండింటికి ఆ రెండింటి మధ్య ఖాళీలో
ఒకామె వచ్చి నిలబడింది.
వంగపండు రంగు చీర, నెత్తిన తడిపిన తువ్వాలు.
కానిస్టేబుల్ ఓసారి ఇటు చెయ్యి చూపాడు, ఓసారి అటు.
ఎవరూ తిట్టలేదు.
ఎవరూ జరగనూ లేదు.

పేరు గట్టిగా చదవాలి, రూలు.
"మునిరత్నం" అని చదివాడు మొదటి అధికారి.
గదిలో తలలన్నీ తిరిగాయి.
నా మొహంలో తెలుగు ఎక్కడ కనబడిందో ఏమో
ఆమె నాతోనే అంది:
"రత్నమాలండీ. మాది సూళ్లూరుపేట.
ఆడా మగా కాదని కార్డులో మార్చారు,
పేరు మార్చడం మరిచిపోయారు. మూడుసార్లు పెట్టుకున్నా."
వేలు చల్లగా ఉంది.
కాస్త ఎక్కువసేపే పట్టుకున్నానేమో
వెనకవాళ్లు దగ్గారు.

సాయంత్రం లెక్క రాశాను.
మగ నాలుగు వందల పదకొండు.
ఆడ నాలుగు వందల ముప్ఫై ఆరు.
ఇతరులు ఒకటి.
నా ఓటు ముందే తపాలాలో పోయింది, ఆడ గడిలోకి.
ఎళిల్ పెరంబూరులో వేసింది, ఆడ గడిలోకే.
ఇద్దరం లెక్కలో ఉన్నాం.
ఇద్దరం కలిసి ఏ లెక్కలోనూ లేం.

ఫలితాల రోజు టీవీ గొంతు తగ్గించి కూర్చున్నాం.
ఎళిల్ రెండు మేనిఫెస్టోలూ దాచింది.
ఒకదాంట్లో మేం నలభై ఏడో పేజీలో,
చేపల రేవుకీ పశువుల ఆసుపత్రికీ నడుమ, ఒకే వాక్యం:
"పరిశీలిస్తాం."
రెండోదాంట్లో అదీ లేదు.
ఆ ఒక్క మాటకే ఓటేశానని చెప్పుకోడానికి సిగ్గు.
గెలిచిందెవరో చెప్పను.
చెబితే నన్నూ ఏదో ఒక వరసలో నిలబెడతారు.

కింద ఓనరు పటాసులు పేల్చి, లడ్డూలు పట్టుకొచ్చాడు,
"మీ చెల్లికి కూడా" అంటూ.
మూడేళ్లుగా ఎళిల్ నా చెల్లెలు.
తెలుగు అక్కకి అరవ చెల్లెలేమిటని ఆయన అడగడు,
అడక్కపోవడం కూడా అద్దెలో కలిసే ఉంది.
మొన్న చలికాలం దాని కడుపు ఆపరేషన్‌కి
"రోగికి ఏమవుతారు" అన్న గీత మీద
అక్క అని రాశాను.
ఆ రెండక్షరాలు రాయడానికి ఎంతసేపు పట్టిందో
నర్సుని అడగండి.

రత్నమాల మళ్లీ కనబడింది, మూలకొత్తళం కూరల బజారులో.
"ఓడినోళ్లు పోతా పోతా ఫైలు మూస్తారు,
గెలిచినోళ్లు వస్తా వస్తా కొత్త ఫారం తెస్తారు.
నేను మళ్లీ మొదటి బల్ల కాడికి" అని నవ్వింది.
మరి ఆ ఎండలో ఎందుకొచ్చారన్నాను.
ఆ గడిలో మీరొక్కరే అని కూడా, ఉండబట్టలేక, చెప్పాను.
ములక్కాడ విరిచి చూస్తూ అంది:
"మీ వరసలో ఒకరు తగ్గితే తెలియదు టీచరమ్మా.
నేను రాకపోతే అక్కడ సున్నా."

ఆడి నెల గాలి మొదలైంది.
ఎళిల్ వేలి సిరా పెరిగి పెరిగి గోటి కొసకి చేరింది.
పేపరు పరిచి కత్తిరించాను, టిక్‌మని నల్లటి వంక.
పేపర్లో ఎవరి ఫోటో ఉందో చూడలేదు.
కింద నుంచి ఓనరు కేక:
నీళ్ల లారీ వచ్చింది, అక్కాచెల్లెళ్లు దిగండమ్మా!
బిందెలు తీసుకుని
దిగాం.